క్రెయిగ్‌లీత్ పూర్‌హౌస్ నుంచి వెస్టర్న్ జనరల్ ఆసుపత్రి దాకా: స్థానిక చరిత్ర వెతికేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోకు వాయవ్యంగా, క్రూ రోడ్ సౌత్ మీద వెస్టర్న్ జనరల్ ఆసుపత్రి ఉంది. 1868లో మొదలైనప్పుడు అది ఆసుపత్రి కాదు, సెయింట్ కత్‌బర్ట్స్ పారిష్ (చర్చి పరిధిని బట్టి ఏర్పడి, పేదల బాధ్యత చూసిన స్థానిక పాలనా ప్రాంతం) తన పరిధిలోని నిరుపేదల కోసం కట్టించిన క్రెయిగ్‌లీత్ పూర్‌హౌస్. ఆ చోటి చరిత్రను గాని, అక్కడ బతికిన లేదా చనిపోయిన ఒక మనిషి జాడను గాని వెతకాలనుకునే తెలుగు పాఠకులు అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. ఈ పనిలో భవనం వెంట పడితే దారి తప్పుతాము. ఏ సంవత్సరంలో దాని ఖర్చు ఎవరు భరించారో తెలుసుకుని వారి వెంట వెళితే కాగితాలు దొరుకుతాయి. కింది సమాధానాల్లో ఈ మాట పలుమార్లు ఎదురవుతుంది.

పూర్‌హౌస్ అంటే ఏమిటి? సత్రమా, అనాథాశ్రమమా, జైలా?

మూడూ కాదు, అయితే మూడింటి పోలికలూ కొద్దికొద్దిగా ఉన్నాయి. మన సత్రంలో బాటసారికి అన్నం పెట్టడం దాతకు పుణ్యం, తిన్నవాడికి అందులో తలవంపు లేదు. పూర్‌హౌస్‌లో ఆ తలవంపే వ్యవస్థకు పునాది: అక్కడ అడుగుపెట్టిన మనిషి తన బట్టలు అప్పగించి, స్నానం చేసి, సంస్థ ఇచ్చిన బట్టలు కట్టుకోవాలి, మగవారిని ఒక వైపు, ఆడవారిని మరో వైపు ఉంచేవారు, దంపతులైనా సరే. అయినా అది జైలు కాదు, ఎందుకంటే 24 గంటల ముందు చెప్పి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండేది. ఈ కారణాల వల్లనే నేను దానిని తెలుగులోకి మార్చకుండా పూర్‌హౌస్ అనే వాడుతున్నాను. ‘పేదల ఆశ్రమం’ అంటే లేని మర్యాదను దానికి అంటగట్టినట్లు అవుతుంది.

ఇంగ్లండ్‌లోని వర్క్‌హౌస్, ఇదీ ఒకటేనా?

కాదు, ఈ తేడా తెలియకపోతే రికార్డులు అర్థం కావు. ఇంగ్లండ్‌లో 1834 నాటి చట్టం ప్రకారం ఒంట్లో సత్తువ ఉండి పని దొరకనివారిని వర్క్‌హౌస్‌లో చేర్చుకుని పని చేయించేవారు. స్కాట్లాండ్‌లో 1845 నాటి పూర్ లా (పేదల సహాయ) చట్టం అలాంటివారికి సహాయం పొందే హక్కే ఇవ్వలేదు. వారి విషయంలో నిబంధన సడలింది 1921లో, యుద్ధానంతర నిరుద్యోగం మీదపడ్డాక. అందువల్ల స్కాట్లాండ్ పూర్‌హౌస్‌లో కనిపించేవారు ముఖ్యంగా వృద్ధులు, దీర్ఘరోగులు, అంగవైకల్యం ఉన్నవారు, భర్త వదిలేసిన స్త్రీలు, పెళ్లి కాకుండా గర్భవతులైనవారు. సహాయం పొందినవారిలో అధికశాతం అసలు పూర్‌హౌస్ గడప తొక్కలేదు, వారికి ఇంటి దగ్గరే వారానికింత అని డబ్బు ఇచ్చేవారు. తల్లిదండ్రులు లేని పిల్లలను పల్లెల్లోని కుటుంబాల దగ్గర పెంపకానికి ఉంచడం అక్కడి ఆనవాయితీ. కాబట్టి పూర్‌హౌస్‌లో చేరిన తల్లి పేరు దొరికి బిడ్డ పేరు దొరకకపోతే బిడ్డ చనిపోయాడని తేల్చేయకండి. ఎక్కడో ఒక రైతు ఇంటి జనగణన వరుసలో ‘బోర్డర్’ (డబ్బు తీసుకుని ఇంట్లో ఉంచుకున్న మనిషి) అన్న మాట పక్కన ఆ పేరు ఉండవచ్చు.

పూర్‌హౌస్ ఆసుపత్రిగా ఎలా మారింది?

ఒక్కరోజున మారలేదు. ఎడిన్‌బరోలో 1729 నుంచే రాయల్ ఇన్‌ఫర్మరీ అనే పెద్ద ఆసుపత్రి ఉంది కానీ అది చందాలతో, విరాళాలతో నడిచేది. నయమయ్యే ఆశ ఉన్నవారికే అక్కడ మంచం దొరికేది. నయం కాని జబ్బుతో, ముసలితనంతో మంచాన పడినవారికి పారిష్ పన్నులతో నడిచే పూర్‌హౌస్ తప్ప దిక్కు లేదు. 1848 నుంచి ప్రభుత్వం పేదల వైద్యం కోసం ఏటా 10,000 పౌండ్ల గ్రాంటు ఇచ్చి, దానికి షరతులు పెట్టడంతో వైద్యాధికారులు, మందులు, ఆ తరువాత శిక్షణ పొందిన నర్సులు ఈ గోడల లోపలికి వచ్చారు. చేరేవారిలో రోగుల పాలు పెరిగినకొద్దీ పూర్‌హౌస్ లోలోపలే ఆసుపత్రిగా మారుతూ వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ మార్పును బయటపెట్టింది. 1914లో సైన్యం క్రెయిగ్‌లీత్‌ను తీసుకుని రెండవ స్కాటిష్ జనరల్ హాస్పిటల్‌గా నడిపింది. అక్కడి పేదలను వేరే చోట్లకు తరలించారు. యుద్ధం ముగిశాక భవనం మళ్లీ పారిష్ చేతికి వచ్చింది. 1929 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం పారిష్ కౌన్సిళ్లను రద్దు చేయగా, 1930లో ఆ బాధ్యత ఎడిన్‌బరో కార్పొరేషన్‌కు వెళ్లింది. 1932 నుంచి దాని పేరు వెస్టర్న్ జనరల్ ఆసుపత్రి. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు, చందాలతో నడిచిన రాయల్ ఇన్‌ఫర్మరీ, పన్నులతో నడిచిన వెస్టర్న్ జనరల్ మొదటిసారి ఒకే యజమాని కిందికి వచ్చాయి. బోర్డు మీద పేరు మారినంత సులువుగా జనం మనసులోని పేరు మారలేదు. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల పాత పూర్‌హౌస్ ఆసుపత్రిలో చేరమంటే పెద్దవయసువారు భయపడేవారు.

క్రెయిగ్‌లీత్, క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఒకటేనా?

కాదు. కొత్తవారిని ఇంతగా తిప్పలు పెట్టే ప్రశ్న ఇంకొకటి లేదు. నేనే ఒకసారి క్రెయిగ్‌లీత్‌లో ఉన్న మనిషి కోసం క్రెయిగ్‌లాక్‌హార్ట్ కాగితాల్లో రెండు రోజులు వెతికాను. తప్పు తెలిసేసరికి ఊరికి తిరుగు రైలు వేళ అయింది.

ఎడిన్‌బరోలో పేదల బాధ్యత అప్పట్లో ఒకే బోర్డుది కాదు. పాత నగర భాగానికి సిటీ పారిష్, దాని చుట్టూ విస్తరించిన ప్రాంతానికి సెయింట్ కత్‌బర్ట్స్ పారిష్ ఉండేవి. సెయింట్ కత్‌బర్ట్స్ వారి పాత గృహం లోథియన్ రోడ్ దగ్గర ఉండేది. ఆ స్థలం కాలిడోనియన్ రైల్వేకు పోగా, వారు 1868లో క్రెయిగ్‌లీత్‌కు మారారు. సిటీ పారిష్ వారు బ్రిస్టోలోని తమ పాత గృహం వదిలి 1870లో నగరానికి నైరుతిగా క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో కొత్త పూర్‌హౌస్ తెరిచారు. అది తరువాత గ్రీన్‌లీ అనే వృద్ధాశ్రమమై, చివరికి నివాస గృహాలుగా మారింది. 1895లో రెండు పారిష్‌ల బాధ్యతా ఒకే ఎడిన్‌బరో పారిష్ కౌన్సిల్ కిందికి వచ్చింది. ఆ తరువాతి మినిట్స్ పుస్తకాల్లో (సమావేశాల నిర్ణయాలు రాసిన పుస్తకాలు) రెండు గృహాల వ్యవహారాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

చిక్కు ఇక్కడితో అయిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కవులు విల్‌ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్ 1917లో చికిత్స పొందిన క్రెయిగ్‌లాక్‌హార్ట్ యుద్ధ ఆసుపత్రి పూర్‌హౌస్ కానే కాదు, అది జలచికిత్స కోసం ధనికులు దిగిన హైడ్రోపతిక్ భవనం, నేడు నేపియర్ విశ్వవిద్యాలయ ప్రాంగణం. క్రెయిగ్‌లీత్ పూర్‌హౌస్‌కూ, ఈ హైడ్రోపతిక్‌కూ నమూనా గీసింది మాత్రం ఒకే సంస్థ, పెడ్డీ అండ్ కినియర్. నిరుపేదలకు కట్టిన చేతులే నిమ్మళంగా సేదతీరేవారికీ కట్టాయన్నమాట. కాబట్టి ఏ కాగితంలోనైనా ‘క్రెయిగ్’ అని కనిపిస్తే ముందు పారిష్ పేరు చూడండి, ఆ తరువాత సంవత్సరం చూడండి.

రికార్డులు ఏ కార్యాలయంలో దొరుకుతాయి?

ఆ సంవత్సరంలో ఖర్చు భరించిన సంస్థకు వారసులెవరో వారి దగ్గర. 1845 నుంచి పరోకియల్ బోర్డు (పారిష్‌లో పేదల వ్యవహారాలు చూసిన సంఘం), 1895 నుంచి పారిష్ కౌన్సిల్, 1930 నుంచి నగర కార్పొరేషన్ దీనిని నడిపాయి కనుక, బోర్డు మినిట్స్, సహాయం కోరినవారి రిజిస్టర్ల గురించి ముందుగా అడగవలసింది ఎడిన్‌బరో నగర ఆర్కైవ్స్‌ను (పాత రికార్డుల భాండాగారాన్ని). ఆసుపత్రిగా మారాక పుట్టిన కాగితాలకు లోథియన్ హెల్త్ సర్వీసెస్ ఆర్కైవ్‌ను సంప్రదించాలి. అది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. అన్ని పారిష్‌ల మీదా పర్యవేక్షణ చేసిన బోర్డ్ ఆఫ్ సూపర్‌విజన్, దాని వారసుల కాగితాలు నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌లో ఉన్నాయి. పారిష్ తన గురించి తాను చెప్పుకోని సంగతులు ఈ మూడవ చోట బయటపడతాయి, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాడికి మొహమాటం ఉండదు.

ఇంకొక చిన్న పత్రం గురించి చెప్పాలి. 1855 నుంచి స్కాట్లాండ్‌లో ఏటా తయారైన ఆస్తి విలువల జాబితాల్లో ప్రతి భవనానికీ యజమాని ఎవరు, అందులో ఉన్నదెవరు అని రాసి ఉంటుంది. మీరు వెతికే సంవత్సరానికి పూర్‌హౌస్ వరుసను తీసి చూస్తే యజమాని గడిలో ఉన్న పేరే, తరువాత ఏ ఆర్కైవ్స్ తలుపు తట్టాలో చెబుతుంది.

మా పూర్వీకురాలు క్రెయిగ్‌లీత్‌లో చనిపోయినట్లు మరణాల రిజిస్టరులో ఉంది. దాన్ని ఎలా చదవాలి?

స్కాట్లాండ్‌లో జనన మరణాల నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఇంగ్లండ్ రిజిస్టరులో లేని ఒక వరం ఇక్కడ ఉంది: చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, అడిగి రాశారు. పూర్‌హౌస్ మరణాల్లోనే ఆ వరం తరచుగా వమ్మవుతుంది.

ఒక వరుసను ఎడమ నుంచి కుడికి చదవండి. మొదట పేరు, వృత్తి, పెళ్లి వివరం. తరువాత మరణించిన తేదీ, స్థలం, దాని కిందే మామూలుగా ఉండే చిరునామా ఉంటే అది. ఆ చిరునామాను వదలకండి, ఆమె పూర్‌హౌస్‌లోకి రాకముందు ఏ సందులో ఉండేదో అది చెబుతుంది. తరువాత వయసు, తల్లిదండ్రుల పేర్లు, మరణ కారణం, వైద్యుడి పేరు. ఆ తరువాతి నిలువు గడిలో వివరం చెప్పినవారి సంతకం. సొంత మనుషులు దగ్గరుంటే అక్కడ కొడుకనో చెల్లెలనో ఉంటుంది. పూర్‌హౌస్‌లో ఆ స్థానంలో గవర్నర్ (పూర్‌హౌస్‌ను నడిపే అధికారి) సంతకం, దాని కింద బ్రాకెట్లలో మరణ సమయంలో తాను దగ్గర లేనని తెలిపే మాట ఉండవచ్చు. ఆ సంతకం చూసిన తరువాత మళ్లీ ఎడమకు వెళ్లి తల్లిదండ్రుల గడిని చూడండి. అది ఖాళీగా ఉన్నా, పేర్లు కొంచెం తేడాగా ఉన్నా కారణం తెలిసిపోతుంది: రాయించినవాడికి ఆమె ఎవరో పుస్తకంలో ఉన్నంతవరకే తెలుసు. కాబట్టి గవర్నర్ సంతకం ఉన్న వరుసలోని వయసునూ, తల్లిదండ్రుల పేర్లనూ ఆధారంగా కాక ఆనవాలుగా మాత్రమే తీసుకోవాలి.

జనన ధ్రువపత్రంలో పూర్‌హౌస్ పేరు లేకుండా వీధి పేరే ఉంది. అది ఇల్లేనా?

కాకపోవచ్చు. పుట్టుకతోనే బిడ్డకు మచ్చ రాకూడదని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో సంస్థ పేరు తీసేసి వీధి చిరునామా మాత్రమే రాసే పద్ధతి వచ్చింది. తండ్రి పేరు లేని ఒక జనన వరుసలో కనిపించిన చిరునామాను ఆ కాలపు పటం మీద గుర్తించి చూడండి. అక్కడ ఇళ్ల వరుస బదులు పెద్ద ప్రాంగణం ఉంటే సంగతి తేలినట్లే.

జనగణనలో వారిని వెతకవచ్చా?

వెతకవచ్చు. భవనం 1868లో తెరిచారు గనుక క్రెయిగ్‌లీత్ మొదటిసారి కనిపించేది 1871 జనగణనలో. అంతకు ముందు పదేళ్లకొకసారి జరిగిన జనగణనల్లో సెయింట్ కత్‌బర్ట్స్ పేదలను లోథియన్ రోడ్ దగ్గరి పాత గృహంలో చూడాలి. పెద్ద సంస్థలకు విడిగా పేజీలు ఉండేవి, ముందు గవర్నర్ కుటుంబం, సిబ్బంది, తరువాత లోపల ఉన్నవారు. లెక్క తీసిన రాత్రి అక్కడ ఉన్నారంటే ఏడాదంతా ఉన్నారని కాదు, చలికాలంలో వచ్చి ఎండలు రాగానే వెళ్లిపోయినవారూ ఉన్నారు. 1921 జనగణన 2022 నవంబరులో అందుబాటులోకి వచ్చింది.

సహాయం కోరినవారి రిజిస్టరులో ఏముంటుంది?

మీరు వెతికే మనిషి గొంతు అస్పష్టంగానైనా వినిపించే చోటు ఇదొక్కటే. సహాయం కోరితే పేదల ఇన్‌స్పెక్టర్ 24 గంటల్లో బదులు చెప్పాలని చట్టం. అతను ఇంటికి వెళ్లి చూసి రాసుకున్న వివరాలు ఆ దరఖాస్తుల పుస్తకంలో ఉంటాయి: పుట్టిన ఊరు, వయసు, వృత్తి, సంపాదన, ఆధారపడిన పిల్లలు, పోషించగల బంధువులు, వైకల్యం పూర్తిగానా కొంతవరకా, చివరికి ఏ నిర్ణయం. కాదన్నవారు షెరిఫ్ కోర్టుకు (స్కాట్లాండ్‌లోని స్థానిక న్యాయస్థానానికి) వెళ్లవచ్చు, ఇచ్చింది చాలదన్నవారు బోర్డ్ ఆఫ్ సూపర్‌విజన్‌కు మొరపెట్టుకోవచ్చు.

ఇన్‌స్పెక్టర్ ఇన్ని పుట్టుపూర్వోత్తరాలు రాసుకున్నది చరిత్ర కోసం కాదు, బిల్లు ఎవరికి పంపాలో తేల్చడానికి. ఒక పారిష్‌లో పుట్టినవారికి, లేదా అక్కడ వరుసగా ఐదేళ్లు నివసించినవారికి (1898 తరువాత మూడేళ్లు) అక్కడ సెటిల్‌మెంట్ హక్కు ఉండేది. వారి ఖర్చు ఆ పారిష్‌దే. ఎడిన్‌బరోలో మంచాన పడిన హైలాండ్స్ (ఉత్తర స్కాట్లాండ్ కొండ ప్రాంతం) స్త్రీ ఖర్చును ఆమె సొంత పారిష్ దగ్గర రాబట్టుకోవడానికి రెండు బోర్డుల మధ్య ఉత్తరాలు నడిచేవి. అందుచేత ఆమె కథలో సగం క్రెయిగ్‌లీత్‌లో కాక వందల మైళ్ల దూరంలోని చిన్న పారిష్ కాగితాల్లో ఉండవచ్చు. పిసినారితనం వల్ల పుట్టిన ఈ ఉత్తరాలే నేడు పరిశోధకుడికి పెన్నిధి.

అందులో వాడిన పదాలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ‘పాపర్’ అన్నది ఆనాటి చట్టం మాట. మానసిక రోగులకు వాడినవి ఇంకా కఠినమైనవి. ఉటంకించేటప్పుడు ఉన్నదున్నట్లు ఉటంకించి, మీ సొంత వాక్యంలో మాత్రం వాటిని వాడకపోవడం మంచిదని నా అభిప్రాయం.

రోగుల రికార్డులను ఎవరైనా చూడవచ్చా?

పెద్దవారి వైద్య రికార్డులను సాధారణంగా 75 ఏళ్లు, పిల్లలవి 100 ఏళ్లు మూసి ఉంచుతారు. ఆ గడువు లోపలి వాటికి బంధుత్వం, మరణ ధ్రువపత్రం చూపించి ఆర్కైవిస్టును అడగాలి. స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్టర్ల ప్రతులకు కూడా ఇలాంటి గడువులే ఉన్నాయి: జననాలకు 100, పెళ్లిళ్లకు 75, మరణాలకు 50 ఏళ్లు.

పాత భవనంలో ఏమైనా మిగిలిందా?

గడియారపు గోపురం ఉన్న ప్రధాన భాగం ఇప్పటికీ ఆధునిక కట్టడాల నడుమ నిలిచి ఉంది. 1996లో క్యాన్సర్ రోగుల కోసం మొదలైన తొలి మ్యాగీస్ సెంటర్‌ను ఇదే ప్రాంగణంలోని పాత గుర్రపుశాలను మార్చి కట్టారు. గోడలు మాత్రమే చూసి కాలం చెప్పడం కష్టం కనుక, నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ఉచితంగా ఉంచిన ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటాలను ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చండి. 19వ శతాబ్దపు పెద్ద కొలత పటంలో మధ్య భవనం, దాని రెండు వైపులా చాచిన విభాగాలు, వాటిని వేరు చేసే ప్రహరీలు విడివిడిగా గుర్తుపట్టవచ్చు. దగ్గరలోనే ఎడిన్‌బరో న్యూ టౌన్‌కు రాయి ఇచ్చిన క్రెయిగ్‌లీత్ క్వారీ పెద్ద గుంటగా కనిపిస్తుంది. ఇప్పుడది దుకాణాల సముదాయం.

సైనిక ఆసుపత్రి కాలపు కాగితాలు ఎక్కడ?

1914 తరువాత కొన్నేళ్లు ఖర్చు సైన్యానిది, కాబట్టి పారిష్ పుస్తకాల్లో క్రెయిగ్‌లీత్ రోగుల వివరాలు ఆశించకూడదు. సైనికుల సేవా రికార్డులు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఆసుపత్రిలోని వారే నడుపుకున్న క్రెయిగ్‌లీత్ హాస్పిటల్ క్రానికల్ అనే పత్రిక వార్డుల రోజువారీ జీవితాన్ని తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది. అక్కడ కన్నుమూసిన సైనికుల్లో పలువురి సమాధులు దగ్గరలోని కోమ్లీ బ్యాంక్ శ్మశానంలో ఉన్నాయి.

మరి పేదలను ఎక్కడ పాతిపెట్టారు?

సైనికుడికి రాయి ఉంది, పూర్‌హౌస్ మనిషికి చాలాసార్లు లేదు. బంధువులు వచ్చి తీసుకువెళ్లకపోతే పారిష్ ఖర్చుతో ఉమ్మడి నేలలో, గుర్తు లేకుండా పాతిపెట్టేవారు. శ్మశానపు రిజిస్టరులో వరుస సంఖ్య ఉండవచ్చు, నేల మీద మాత్రం పచ్చిక తప్ప ఏమీ కనిపించదు. ఎవరూ అడగని శవాలను 1832 నాటి అనాటమీ చట్టం కింద వైద్య విద్యార్థుల కోసం అప్పగించే వీలు ఉండేది. వైద్య విద్యకు పేరుపడిన ఎడిన్‌బరోలో అది కాగితం మీది నిబంధనగా మిగిలిపోలేదు. మరణం తేదీకీ ఖననం తేదీకీ మధ్య నెలల తేడా కనిపిస్తే పుస్తకంలో పొరపాటు అనుకునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

వేరే ఊరి పూర్‌హౌస్‌కు ఇదే పద్ధతి పనికివస్తుందా?

వస్తుంది, ఆర్కైవ్స్ పేర్లు మారతాయంతే. గ్లాస్గోలో గోవన్ పూర్‌హౌస్ సదరన్ జనరల్ ఆసుపత్రిగా మారి, 2015లో అదే స్థలంలో క్వీన్ ఎలిజబెత్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వెలిసింది. ఆ నగరపు పేదల దరఖాస్తులు మిచెల్ లైబ్రరీలో పేర్ల సూచికతో ఉన్నాయి కాబట్టి అక్కడ పని ఎంతో సులువు. అబర్డీన్‌లో 1907 నాటి ఓల్డ్‌మిల్ పూర్‌హౌస్ నేటి వుడెండ్ ఆసుపత్రి. పల్లెల్లో మాత్రం కొన్ని పారిష్‌లు కలిసి ఒకే పూర్‌హౌస్ కట్టుకునేవి కనుక, అలాంటి చోట ఏయే పారిష్‌లు ఖర్చు పంచుకున్నాయో ముందు రాసుకోవాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఎంతవరకు చేయవచ్చు?

సగానికి పైగా చేయవచ్చు. పటాలు, 1911 వరకు ఉన్న పోస్టాఫీసు డైరెక్టరీలు (నగరంలోని మనుషుల, సంస్థల పేర్ల జాబితాలు) ఉచితం. డైరెక్టరీలో ఆ ఏటి గవర్నర్, వైద్యాధికారి పేర్లు దొరుకుతాయి, మరణాల రిజిస్టరులోని సంతకాన్ని వాటితో సరిపోల్చవచ్చు. జనన మరణాల ప్రతులకు, జనగణనకు కొద్దిపాటి రుసుము. మినిట్స్ పుస్తకాలకూ దరఖాస్తుల పుస్తకాలకూ మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఎడిన్‌బరోలో చదువుకుంటున్న మనవారు, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన వైద్యులు తెలిసి ఉంటే ఒక పూట సాయం అడగండి. అడిగేటప్పుడు ‘క్రెయిగ్‌లీత్ గురించి చూడు’ అని పంపకుండా, సంవత్సరం, పారిష్ పేరు, కేటలాగు సంఖ్య మూడూ రాసి పంపండి. చదివే గదిలోకి పెన్ను తీసుకువెళ్లనివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్లమని కూడా చెప్పండి.